బొబ్బిలి ఏ జిల్లాలో ఉంది? – డైరెక్టరీ సర్వర్ల చిన్న చరిత్ర

బొబ్బిలి ఏ జిల్లాలో ఉంది? ఎప్పుడు అడిగారన్న దాన్ని బట్టి జవాబు మారుతుంది. 1757 జనవరి 24న కోట పడిపోయిన నాటికి అది ఉత్తర సర్కారుల్లో ఒక సంస్థానం. ఇంగ్లీషువాళ్ల కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీ, విశాఖపట్నం జిల్లా. 1950 ఆగస్టు 15 నుంచి శ్రీకాకుళం జిల్లా. 1953లో పైనున్న రాష్ట్రం పేరు మారింది, 1956లో మళ్లీ మారింది. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా పుట్టినప్పుడు బొబ్బిలి అందులోకి వెళ్లింది. 2008 నియోజకవర్గాల పునర్విభజన దాకా బొబ్బిలి పేరుతోనే ఒక లోక్‌సభ స్థానం ఉండేది. ఆ తర్వాత అది విజయనగరం స్థానం కింద ఒక అసెంబ్లీ సెగ్మెంటు. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం కేంద్రంగా మన్యం జిల్లా విడిపోయినప్పుడు బొబ్బిలి విజయనగరంలోనే ఉండిపోయి, తనే ఒక రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది.

ఇన్ని జరిగినా ఊరు అంగుళం కదల్లేదు. రైల్వే జంక్షన్ అక్కడే ఉంది, గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్లు అక్కడే ఉన్నారు. మారిందల్లా రిజిస్టర్లో ఆ ఊరి పేరు పైన ఉండే గీత. కానీ ఆ గీత మారినప్పుడల్లా ఒక పని మిగిలిపోతుంది. పాత దస్తావేజులో, పదో తరగతి సర్టిఫికెట్‌లో, పెన్షన్ కాగితంలో, ఎవరో దూరపు బంధువు డైరీలో బొబ్బిలి ఇంకా పాత జిల్లాలోనే ఉంటుంది. వాటన్నిటినీ ఎవరు వెతికి సరిచేస్తారు? సరిచెయ్యకపోతే ఆ పాత చిరునామా పట్టుకుని వచ్చినవాడికి ఎవరు దారి చూపిస్తారు?

కంప్యూటర్ల లోకంలో ఈ ప్రశ్నలకి జవాబు చెప్పడమే పనిగా పెట్టుకున్న ఒక యంత్రాంగం ఉంది. పేరు డైరెక్టరీ సర్వర్. మీరు ఆఫీసులో పొద్దున్నే లాగిన్ అయినప్పుడు, యూనివర్సిటీ వైఫైలో పాస్‌వర్డ్ కొట్టినప్పుడు, మెయిల్‌లో ఒకరి పేరు రెండక్షరాలు టైప్ చేస్తే మిగతాది దానంతటదే వచ్చినప్పుడు, వెనకాల చాలాసార్లు ఒక డైరెక్టరీ సర్వర్ ఉంటుంది. ఎవరు ఎవరు, ఏ గుంపులో ఉన్నారు, ఏ తలుపు తెరవొచ్చు అన్నది అది చెబుతుంది. ఈ వ్యాసం దాని గురించీ, దానికి తగిలించే ప్లగిన్ అనే చిన్న ముక్కల గురించీ, ఆ ముక్కల్ని ఎప్పటికప్పుడు మార్చే అప్‌డేట్ల గురించీ. వినడానికి పొడిపొడిగా ఉండే విషయమే. కానీ పేరు తేడా వల్ల ఒక్కసారైనా కౌంటర్ దగ్గర నిలబడి వెనక్కి వచ్చినవాళ్లకి ఇది పొడిగా అనిపించదు.

చెట్టు

1988లో అంతర్జాతీయ టెలికాం ప్రమాణాల సంస్థ, ఐఎస్ఓ కలిసి ఎక్స్.500 అనే ప్రమాణాన్ని ప్రకటించాయి. ఆశయం చాలా పెద్దది. ప్రపంచం మొత్తానికీ ఒకే డైరెక్టరీ. అన్ని దేశాల టెలిఫోన్ డైరెక్టరీలూ కుట్టేసి ఒక్క పుస్తకం చేస్తే ఎలా ఉంటుందో అలా. దాని ఆకారం చెట్టు: వేరు దగ్గర ప్రపంచం, దాని మీద దేశం, తర్వాత రాష్ట్రం, ఊరు, సంస్థ, విభాగం, చిట్టచివర మనిషి. ప్రతి ఎంట్రీకి పూర్తి పేరు అంటే ఆకు నుంచి వేరు దాకా ఉన్న దారే. మన ఉత్తరాల మీద చిరునామా రాసే పద్ధతి ఇదే: మనిషి, వీధి, ఊరు, మండలం, జిల్లా, రాష్ట్రం.

ఈ అమరికలో ఒక బలం ఉంది, ఒక బలహీనత ఉంది. బలం ఏమిటంటే ఏ కొమ్మ ఎవరి చేతిలో ఉందో తేలిగ్గా పంచుకోవచ్చు. బొబ్బిలి కొమ్మని బొబ్బిలి వాళ్లు చూసుకుంటారు, ఢిల్లీని అడగక్కర్లేదు. బలహీనత ఏమిటంటే పేరూ స్థలమూ ఒకటే అయిపోయాయి. కొమ్మ ఒకచోట నుంచి విరిచి ఇంకోచోట అంటిస్తే, ఆ కొమ్మ మీదున్న ప్రతి ఆకుకీ పేరు మారిపోతుంది. 1979 జూన్ 1న బొబ్బిలి తాలూకాలో నిద్రలేచిన ప్రతి మనిషి చిరునామా మారినట్టు.

ఎక్స్.500 చెట్టుని అడగడానికి పెట్టుకున్న భాష పెద్ద యంత్రాలకి తప్ప మామూలు పీసీలకి మొయ్యలేనంత బరువు. మిషిగన్ యూనివర్సిటీలో టిమ్ హౌస్, మరికొందరితో కలిసి, దాన్ని తేలిక చేశాడు. 1993 జులైలో వచ్చిన ఆ తేలికపాటి ప్రోటోకాలే ఎల్‌డాప్. మొదట అది వెనకాల ఉన్న పెద్ద ఎక్స్.500 సర్వర్‌కి ముందు నిలబడే దుబాసీ మాత్రమే. ప్రశ్నలన్నీ దుబాసీ ద్వారానే వస్తుంటే వెనకాల ఆ పెద్దాయన ఎందుకన్న ఆలోచన రావడం సహజం. అలా దుబాసీయే స్వయంగా రిజిస్టరు పెట్టుకున్న ప్రోగ్రాం స్లాప్‌డీ. ఆ పేరుకి అర్థం, ఒంటరిగా నిలబడే ఎల్‌డాప్ సేవకుడు. ప్రపంచమంతటికీ ఒకే చెట్టు అన్న కల అక్కడితో ఆగింది. ప్రతి సంస్థా తన పెరట్లో తన చెట్టు నాటుకుంది.

1996లో హౌస్ నెట్‌స్కేప్‌కి వెళ్లాడు. అదే ఏడాది నెట్‌స్కేప్ డైరెక్టరీ సర్వర్ వచ్చింది. 1997 డిసెంబర్లో ఎల్‌డాప్ మూడో వెర్షన్ వచ్చింది. అందులో మన కథకి కావలసినవి రెండున్నాయి.

ఒకటి, కొమ్మని ఒకచోట నుంచి ఇంకోచోటికి మార్చే ఆజ్ఞ. అంతకు ముందు వెర్షన్‌లో ఎంట్రీకి పేరు మార్చొచ్చుగానీ పై కొమ్మ మార్చడానికి వీల్లేదు. అంటే బొబ్బిలిని బొబ్బిలిపట్నం అనొచ్చు, కానీ శ్రీకాకుళం నుంచి విజయనగరానికి పంపలేం. కాగితం మీద 1997లో ఒప్పుకున్న ఈ వెసులుబాటు, నెట్‌స్కేప్ వారసుడైన సర్వర్‌లో పూర్తిగా పనిచెయ్యడానికి, కింద వందల ఎంట్రీలున్న కొమ్మని సైతం కదిలించగలగడానికి, దశాబ్దం పైన పట్టింది.

రెండోది యూటీఎఫ్-8. మూడో వెర్షన్ నుంచి పేర్లు ఏ లిపిలోనైనా రాసుకోవచ్చు. 'బొబ్బిలి' అన్న మాటలో మనం చదివేది మూడక్షరాలు. కంప్యూటర్ లెక్కలో ఎనిమిది కోడ్ పాయింట్లు, ఒక్కోటి మూడు బైట్లు, మొత్తం 24 బైట్లు. 1999లో పేరు పక్కన భాష గుర్తు తగిలించే పద్ధతి వచ్చింది. ఒకే మనిషికి ఇంగ్లీషులో ఒక పేరు, తెలుగు గుర్తు పెట్టి తెలుగులో ఒక పేరు ఉంచొచ్చు. వీలు పాతికేళ్ల నుంచీ ఉంది. వాడేవాళ్లే తక్కువ.

లిపి సమస్య తీరినా పేరు సమస్య తీరలేదు. ఎక్స్.500 నుంచి వచ్చిన నియమం ప్రకారం 'మనిషి' అన్న ఎంట్రీకి రెండు గడులు తప్పనిసరి: పూర్తి పేరు, ఇంటిపేరు. ఇంటిపేరు ఖాళీగా వదలడానికి లేదు. తాండ్ర పాపారాయుణ్ణి ఎక్కిస్తే ఇంటిపేరు గడిలో తాండ్ర, ఇచ్చిన పేరు గడిలో పాపారాయుడు. అక్కడిదాకా బాగానే ఉంది. కానీ చాలా సాఫ్ట్‌వేర్లు తెర మీద చూపించేటప్పుడు ఇచ్చిన పేరు ముందు, ఇంటిపేరు వెనక పెట్టేస్తాయి. 'పాపారాయుడు తాండ్ర' అని పిలిస్తే బొబ్బిలిలో ఎవరూ పలకరు. ఇంటిపేరు అనేదే లేని తమిళ మిత్రుడి సంగతి ఇంకా కష్టం. ఆ గడిలో అడ్మిన్ ఒక చుక్క పెడతాడు, లేకపోతే ఇనీషియల్ పెడతాడు. రిజిస్టరు తయారుచేసినవాడి ఊళ్లో మనుషుల్ని ఎలా పిలుస్తారో, లోకంలో అందరూ అలాగే పిలిపించుకోవాలి.

ముక్కలు

ఒక్కో సంస్థకి ఒక్కో అవసరం. అన్నిటినీ సర్వర్ లోపలే రాసేస్తే అది మళ్లీ ఎక్స్.500 అంత బరువెక్కుతుంది. నెట్‌స్కేప్ వాళ్లు చేసిన పని ఏమిటంటే, సర్వర్‌కి ఒక అడుగు ముందు, ఒక అడుగు వెనక తలుపులు పెట్టారు. ఎవరైనా ఎంట్రీ మార్చమని అడిగితే, మార్చే ముందు ఒక తలుపు తెరుచుకుంటుంది, మార్చిన తర్వాత ఇంకోటి తెరుచుకుంటుంది. ఆ తలుపుల దగ్గర మీ సొంత ప్రోగ్రాం ముక్కని నిలబెట్టుకోవచ్చు. అదే ప్లగిన్. ఆ తలుపుల పద్ధతికి స్లాపీ అని పేరు.

కొన్ని ప్లగిన్లు ఏం చేస్తాయో చెబితే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఒకటి, కొత్తగా ఎక్కే పేరు ఇప్పటికే ఉందేమో చూసి, ఉంటే ఆపుతుంది. ఇంకోటి, కొత్త మనిషి వచ్చినప్పుడు తర్వాతి నంబరు ఇస్తుంది. సర్వర్లు నాలుగుంటే నాలుగూ ఒకే నంబరు ఇద్దరికి ఇవ్వకుండా ఎవరి వరస వాళ్లకి పంచిపెడుతుంది. మూడోది, ఒక గుంపులో ఎవరెవరున్నారో గుంపు ఎంట్రీలో రాస్తే, ఆ మనిషి ఎంట్రీలో కూడా 'నేను ఫలానా గుంపులో ఉన్నాను' అని రాసిపెడుతుంది.

నాలుగోది మన కథకి నాయకుడు. రిఫరెన్షియల్ ఇంటెగ్రిటీ ప్లగిన్ అంటారు. ఒక ఎంట్రీ చెరిగిపోయినా, చోటు మారినా, మిగతా చెట్టంతా తిరిగి, ఎక్కడెక్కడ దాని పాత పేరు రాసి ఉందో వెతికి సరిచేస్తుంది. బొబ్బిలి జిల్లా మారిన రోజున ప్రతి దస్తావేజునీ, ప్రతి సర్టిఫికెట్‌నీ తెరిచి దిద్దే గుమాస్తా అన్నమాట. ఈ గుమాస్తాకి ఒక సెట్టింగు ఉంది: వెంటనే దిద్దాలా, కొన్ని సెకన్లు ఆగి దిద్దాలా అని. ఆగేటట్టయితే దిద్దాల్సినవి ఒక ఫైల్లో రాసుకుని తర్వాత పని మొదలుపెడుతుంది. ఇంకో సంగతి, మామూలుగా ఈ ప్లగిన్ ఆపేసి ఉంటుంది. ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని తెరవాలి. లేకపోతే వెళ్లిపోయినవాళ్ల పేర్లు గుంపుల్లో అలాగే వేలాడుతుంటాయి, చోటు మారినవాళ్లు పాత గుంపుల్లోంచి చప్పుడు లేకుండా జారిపోతారు. 'నిన్నటిదాకా తలుపు తెరుచుకునేది, ఇవాళేటైపోనాది?' అని అడిగేవాడికి జవాబు చాలాసార్లు ఇక్కడే ఉంటుంది.

చేతులు మారిన సంస్థానం

జమీందారీలు చేతులు మారినట్టే సాఫ్ట్‌వేర్ కూడా మారుతుంది. నెట్‌స్కేప్‌ని ఏఓఎల్ కొంటున్నట్టు 1998లో ప్రకటన వచ్చింది, 1999లో అది పూర్తయింది. తర్వాత కొన్నేళ్లు సన్ మైక్రోసిస్టమ్స్‌తో పొత్తులో ఐప్లానెట్ అన్న పేరుతో నడిచింది. ఈలోగా, 1998లో, మిషిగన్ నాటి పాత కోడ్ పట్టుకుని ఇంకో బృందం ఓపెన్ఎల్‌డాప్ మొదలుపెట్టింది. 2004లో రెడ్ హ్యాట్, ఏఓఎల్ దగ్గర నుంచి నెట్‌స్కేప్ డైరెక్టరీ సర్వర్‌ని కొనేసింది. 2005 జూన్‌లో దాన్ని ఫెడోరా డైరెక్టరీ సర్వర్ అన్న పేరుతో ఓపెన్ సోర్స్ చేసింది. అప్పటిదాకా లైసెన్సు కొంటే తప్ప దొరకనిది ఇప్పుడు ఎవరైనా దించుకుని, విప్పి, చదివి, మార్చుకోవచ్చు. మన దగ్గర స్వేచ్ఛ బృందం తెలుగు లినక్స్‌ని జనంలోకి తెచ్చింది కూడా ఆ రోజుల్లోనే. 2009లో ఆ సర్వర్ పేరు మళ్లీ మారింది. ఫెడోరా అంటే ఆ ఒక్క లినక్స్‌లోనే పనిచేస్తుందని జనం అనుకుంటున్నారని, ఎవరి పేరూ లేకుండా, ఎల్‌డాప్ వినే తలుపు నంబరుతోనే 389 డైరెక్టరీ సర్వర్ అన్నారు.

ఇన్ని చేతులు మారినా లోపలి తలుపులు మాత్రం అలాగే ఉన్నాయి. నెట్‌స్కేప్ రోజుల నాటి స్లాపీ అన్న మాట ఈ రోజుకీ ప్రతి ప్లగిన్ కోడ్‌లో ప్రతి పేజీలో కనిపిస్తుంది.

పాత ప్రశ్నలు

డైరెక్టరీలు కొత్తవైనా అడిగేవాళ్లు కొత్తవాళ్లే అవ్వాలని లేదు. 1985 నుంచి సన్ మైక్రోసిస్టమ్స్ యంత్రాల్లో ఇంకో పద్ధతి ఉండేది. ఒక సర్వర్ మీద యూజర్ల పట్టిక, మిగతా యంత్రాలన్నీ దాన్ని అడుగుతాయి. మొదట దానికి ఎల్లో పేజెస్ అని పేరు పెట్టారు. ఆ పేరు బ్రిటిష్ టెలికాం ట్రేడ్‌మార్క్. అందుకని ఎన్ఐఎస్ అని మార్చారు. పేరు మార్చారుగానీ ఆజ్ఞల ముందు 'వైపీ' అన్న రెండక్షరాలు పోలేదు. జిల్లా పేరు మారినా బస్సు బోర్డు మీద పాత పేరు మిగిలిపోయినట్టు, నలభై ఏళ్ల తర్వాత కూడా అవి వైపీ ఆజ్ఞలే.

2000ల మొదట్లో లినక్స్ ల్యాబ్‌లో చదువుకున్న ఇంజనీరింగ్ విద్యార్థుల్లో చాలామందికి, తెలియకుండానే, ఎన్ఐఎస్‌తో పరిచయం ఉంటుంది. ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా అదే యూజర్‌నేమ్, అదే పాస్‌వర్డ్. పెట్టడం తేలిక. లోపం కూడా అంత తేలిగ్గానే కనిపిస్తుంది. అడిగినవాళ్లకల్లా పట్టిక మొత్తం ఇచ్చేస్తుంది, పాస్‌వర్డ్ల హ్యాష్‌లతో సహా. ఇంటికి తాళం వేసి, తాళంచెవి అచ్చు గుమ్మానికి వేలాడదీసినట్టు.

1998 మార్చిలో ఎన్ఐఎస్ పట్టికల్ని ఎల్‌డాప్‌లో ఎలా పెట్టుకోవచ్చో చెప్పే ఒక పత్రం వచ్చింది. దాని మీద 'ప్రయోగాత్మకం' అని స్టాంపు ఉంది. ఆ స్టాంపు ఇప్పటికీ తియ్యలేదు. సవరించిన రెండో రూపం చిత్తుప్రతిగానే మిగిలిపోయింది. ప్రపంచమంతా ఆ రెంటి మీదే నడిచింది. మొదటి పద్ధతిలో గుంపులో మనిషి పేరు మాత్రమే ఉంటుంది. రెండోదాంట్లో పూర్తి చిరునామా ఉంటుంది. ఒకటి 'పాపారాయుడు' అంటే, ఇంకోటి 'తాండ్ర పాపారాయుడు, బొబ్బిలి' అంటుంది. పాత యంత్రాలకి మొదటిదే అర్థమవుతుంది, కొత్తవి రెండోది అడుగుతాయి.

ఈ ఇద్దరి మధ్య నిలబడటానికి 2008 ప్రాంతంలో పుట్టిన ప్లగిన్ స్లాపీ-నిస్. ఇందులో రెండు ముక్కలున్నాయి. ఒకటి 389 సర్వర్ లోపల కూర్చుని, బయటికి అచ్చం ఎన్ఐఎస్ సర్వర్‌లా మాట్లాడుతుంది. పాత యంత్రానికి తను మాట్లాడుతున్నది ఎల్‌డాప్‌తోనని తెలియనే తెలియదు. రెండోది అసలు చెట్టు పక్కన ఒక నీడ చెట్టు చూపిస్తుంది. ఆ నీడ చెట్టు డిస్కు మీద ఎక్కడా నిల్వ ఉండదు. అసలు చెట్టుని చూసి, పాతవాళ్లకి అర్థమయ్యే ఆకారంలో అప్పటికప్పుడు తయారవుతుంది. కొత్త పద్ధతిలోకి మారినందుకు పాతవాళ్లని శిక్షించకూడదు అన్న ఆలోచనే ఈ ప్లగిన్. సాఫ్ట్‌వేర్లో ఇలాంటి మర్యాద అంత తరచుగా దొరకదు.

రెండు అప్‌డేట్లు

ఆ మర్యాదకి ఖర్చు ఉంటుంది. ప్లగిన్ వేరే ప్రోగ్రాం కాదు. సర్వర్ ప్రాణంలోనే దాని ప్రాణం కూడా. ప్లగిన్‌లో ఒక చిన్న పొరపాటు జరిగితే పడిపోయేది ప్లగిన్ ఒక్కటే కాదు, మొత్తం రిజిస్టరు. రిజిస్టరు పడిపోతే ఎవరూ ఎవరో ఎవరికీ తెలియదు. లాగిన్లు ఆగుతాయి, మెయిల్ ఆగుతుంది.

2015లో బయటపడ్డ లోపం సీవీఈ-2015-0283. స్లాపీ-నిస్ ఒక గుంపు వివరాలు తెచ్చుకోవడానికి కొంత జాగా పట్టుకుని వెళ్తుంది. గుంపు పెద్దదై జాగా చాలకపోతే ఇంకా పెద్ద జాగా పట్టుకుని మళ్లీ వెళ్లాలి. ఆ జాగా పెంచే లెక్క తప్పింది. దాంతో చాలామంది సభ్యులున్న గుంపు గురించి, లేదా చాలా గుంపుల్లో ఉన్న మనిషి గురించి ఎవరైనా అడిగితే చాలు, ప్లగిన్ అంతులేని చక్రంలో పడి సర్వర్ బిగుసుకుపోయేది. అడిగినవాడిది దురుద్దేశమే కానక్కర్లేదు. చిన్న కుటుంబాలు చూసి రాసిన కోడ్ దగ్గరికి ఒక ఉమ్మడి కుటుంబం వచ్చింది, అంతే. 0.54.2 వెర్షన్‌లో దిద్దారు.

2021లో ఇంకోటి, సీవీఈ-2021-3480. సర్వర్ దగ్గరికి వచ్చినవాడు ముందు 'నేను ఫలానా' అని తన పూర్తి పేరు చెప్పుకోవాలి. ఆ పేరుని విడదీసి చదివే చోట, చదవడానికి ఏమీ దొరకని సందర్భాన్ని ప్లగిన్ ఊహించలేదు. ఒక వంకర పేరు పంపితే చాలు, పాస్‌వర్డ్ కూడా అక్కర్లేదు, మొత్తం 389 సర్వర్ కూలిపోయేది. 0.56.7లో దిద్దారు. కోటలో అందరి పేర్లూ తెలిసిన ద్వారపాలకుడు, గుమ్మం దగ్గర ఎవరో అర్థంకాని పేరు చెప్పగానే మూర్ఛపోయాడన్నమాట.

రెండిట్లోనూ చూడాల్సింది ఒకటే. తప్పు దొరికింది పేరు దగ్గరే. ఎంతమంది పేర్లు వస్తారో, ఏ ఆకారంలో పేరు వస్తుందో రాసినవాడి ఊహకి అందలేదు.

బొబ్బిలి వీణ సంగతి తెలిసినవాళ్లకి ఇక్కడ ఒక పోలిక తడుతుంది. ఒకే పనస మాను తొలిచి కుండ, దండి కలిపి చేస్తారు కాబట్టి ఏకాండి వీణ అంటారు. ఆ చెక్క తరాలు ఉంటుంది. కానీ దాని మీద 24 మెట్లు నిలబడేది మైనం మీద. ఎండలకి, వాయింపుకి మైనం జారుతుంది, మెట్టు వెంట్రుకవాసి కదులుతుంది, స్వరం పక్కకి పోతుంది. అప్పుడు వీణ మార్చరు, మేళం మళ్లీ కట్టిస్తారు. చెక్క ఎంత గొప్పదైనా మెట్టు చోటు తప్పితే రాగం పలకదు. డైరెక్టరీ సర్వర్‌కి ప్లగిన్ అప్‌డేట్ అలాంటిది. కాకపోతే ఒక తేడా ఉంది. ఇక్కడ కొన్నిసార్లు చెక్క కూడా మారుతుంది. సర్వర్ కొత్త వెర్షన్‌కి వెళ్తే, దాని లోపలి తలుపుల కొలతలు కొంచెం మారినా, ప్లగిన్‌ని ఆ కొలతలకి మళ్లీ కట్టాలి. ఒకటి మార్చి ఇంకోటి మరిచిపోతే సర్వర్ లేవదు. అందుకే లినక్స్ పంపిణీలు ఈ ప్యాకేజీల్ని ఒకదానికొకటి ముడివేసి, ఫలానా వెర్షన్‌కి ఫలానా వెర్షనే అని రాసిపెడతాయి.

ఈ పని ఎవరు చేస్తారు? హైదరాబాదులో, విశాఖలో, ఇంకా దూరాన డల్లాస్‌లో, మెల్‌బోర్న్‌లో రాత్రి షిఫ్టుల్లో కూర్చుని సర్వర్లకి ప్యాచ్‌లు వేసేవాళ్లలో తెలుగువాళ్లు ఎందరో ఉంటారు. జతగా ఉన్న సర్వర్లలో ఒకదాన్ని పక్కకి తీసి, అప్‌డేట్ వేసి, మళ్లీ లేపి, రెండూ ఒకే మాట చెబుతున్నాయో లేదో సరిపోల్చి, అప్పుడు రెండోదాని దగ్గరికి వెళ్లాలి. అంతా సరిగ్గా జరిగితే తెల్లారాక ఎవరికీ ఏమీ తెలియదు. మన సాహిత్యంలో గుమాస్తాలున్నారు, టీచర్లున్నారు, ఈ మధ్య టెకీలు కూడా వచ్చారు. కానీ ఆ టెకీ కథల్లో లేఆఫ్ ఉంటుంది, వీసా ఉంటుంది, ఒంటరితనం ఉంటుంది. చేసే పని మాత్రం 'ఏదో సిస్టం పని' అన్న ఒక్క మాటలో అయిపోతుంది. రాత్రి రెండింటికి ఒక మనిషి వేలమంది పేర్లు చెదిరిపోకుండా చూసుకుంటున్నాడు అన్నది కథ కాదా?

ఎప్పుడు ఆపాలి

బొబ్బిలి రెవెన్యూ డివిజన్ అయిన 2022 వసంతంలోనే, మే నెలలో, రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 9 వచ్చింది. అందులో ఎన్ఐఎస్ ప్యాకేజీలు లేవు. అంతకుముందు వెర్షన్‌లో 'ఇక మానేస్తాం' అని హెచ్చరించి, ఇందులో తీసేశారు. దీన్ని తప్పనలేం. అడిగినవాళ్లకల్లా పాస్‌వర్డ్ల అచ్చులు ఇచ్చే పద్ధతిని ఎన్నాళ్లు మోస్తారు? పాతవాళ్లకి మర్యాద చెయ్యడం కోసం మొత్తం ఊరిని ప్రమాదంలో పెట్టలేం. రెండు అప్‌డేట్ల కథలు చూశాం కదా, పాత భాష మాట్లాడే ప్రతి తలుపూ దొంగకి కూడా తలుపే.

ఇంకోవైపు కొత్త ప్లగిన్లు వస్తున్నాయి. 389 సర్వర్లో ఈ మధ్య చేరినదొకటి ప్రతి ఎంట్రీకీ ఎప్పటికీ మారని ఒక గుర్తింపు సంఖ్య ఇస్తుంది. ఆ సంఖ్య ఉండాలన్న ప్రమాణం 2006 నాటిది. ప్లగిన్ వచ్చింది ఇటీవల, అదీ జ్ఞాపకశక్తి తప్పులు తేలిగ్గా జరగనివ్వని రస్ట్ భాషలో. కొమ్మ ఎటు మారినా, ఇంటిపేరు మారినా, పెళ్లయి చోటు మారినా ఆ సంఖ్య మారదు. మనకిది కొత్తేమీ కాదు. 1972 ఆగస్టు 15న వచ్చిన పిన్ కోడ్ ఇలాంటిదే. 535558 అని రాస్తే, జిల్లా గడిలో శ్రీకాకుళం అని పడినా ఉత్తరం బొబ్బిలి చేరుతుంది.

అయితే సంఖ్య యంత్రాల తగువు తీరుస్తుందిగానీ మనుషులది కాదు. మనుషులు పేరుతోనే వస్తారు. తాత చెప్పిన జిల్లా పేరుతో వస్తారు, ఇంటిపేరు ముందు పెట్టుకుని వస్తారు, లిపి మారితే స్పెల్లింగు మారిన పేరుతో వస్తారు. వాళ్లకి జవాబు చెప్పాలా వద్దా అన్నది కోడ్ నిర్ణయించదు. రిజిస్టరు నడిపేవాడు నిర్ణయిస్తాడు. సర్టిఫికెట్‌లో ఒక అక్షరం తేడా ఉందని తిప్పి పంపే గుమాస్తా ఉన్నాడు. పాత రిజిస్టరు తీసి, వేలితో వరసలు వెతికి, 'ఇదిగో, ఇది మీరే' అనే గుమాస్తా ఉన్నాడు. ఇద్దరి చేతిలో ఉన్న నియమావళి ఒకటే.

అడ్మిన్లకి తెలిసిన ఒక చిన్న పద్ధతి ఉంది. ఒక పాత తలుపు మూసేయాలనుకున్నప్పుడు ముందు యాక్సెస్ లాగ్ తీస్తారు. సర్వర్‌ని ఎవరు, ఎక్కడి నుంచి, ఏం అడిగారో వరసగా రాసి ఉండే ఫైల్ అది. ఒక నెల లాగ్ చూస్తే ఇంకా పాత భాషలో అడుగుతున్నవాళ్లెవరో బయటపడతారు. ఏ మూల గదిలోనో దుమ్ముపట్టిన యంత్రం, ఎప్పుడో వెళ్లిపోయిన ఉద్యోగి రాసిన స్క్రిప్టు, నెలకి ఒక్కసారి మాత్రమే జీతాల లెక్క కోసం లేచే ప్రోగ్రాం. వాటి యజమానుల్ని వెతికి, ఫోన్ చేసి, కొత్త దారి చూపించి, అప్పుడు మూస్తారు. తొందరలో ఉన్నవాళ్లు ముందు మూసేసి, ఎవరు అరుస్తారో చూస్తారు. రెండో పద్ధతి వేగంగా అయిపోతుంది. కాకపోతే అరవడం చేతకానివాళ్లు, ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలియనివాళ్లు, ఆ లెక్కలోకి రారు.